లాకుల దగ్గర నిలబడ్డ మనిషి

2021లో ఇంటి నుంచి పని చేస్తున్న రోజులవి. ఆఫీసులో పెట్టిన సాఫ్ట్ స్కిల్స్ శిక్షణలో భాగంగా వీడియో కాల్‌లో నిలబడి పది నిమిషాలు మాట్లాడి, అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. దాన్ని రికార్డు చేసి, చూసి, మనలో లోపాలేమిటో చెప్తారు. ధవళేశ్వరంలో మా మేడ మీద గదిలో, గోడకి దుప్పటి కట్టి, దాని ముందు నిలబడి మాట్లాడాను. మేం రాసిన ఒక పేమెంట్ మాడ్యూల్ గురించి కాబట్టి విషయం కొట్టిన పిండే. మాటల్లో ఎక్కడా తడబడలేదు కూడా. వారం తర్వాత వచ్చిన జవాబులో మాత్రం మాడ్యూల్ ఊసే లేదు. చేతులు పొట్ట దగ్గర ఒకదానిమీద ఒకటి పెట్టుకున్నారు. భుజాలు ముందుకు వంగి ఉన్నాయి. ప్రశ్న పూర్తి కాకముందే తలూపుతున్నారు. మొత్తమ్మీద మీ బాడీ లాంగ్వేజ్‌లో ఆత్మవిశ్వాసం కనిపించడం లేదు.

ఆ రికార్డింగ్ మళ్ళీ పెట్టుకుని చూస్తుంటే అమ్మ కాఫీ పట్టుకొచ్చింది. నా వెనక నిలబడి కాసేపు చూసి, “అచ్చం మా నాన్న నిలబడ్డట్టే నిలబడ్డావేంట్రా! ఏఈ గారొస్తే ఇలాగే నిలబడేవాడు. ఆయ్, చిత్తమండి అంటా,” అని నవ్వింది.

అమ్మ ముచ్చటపడే అంది. నాకే కాఫీ గొంతు దిగలేదు.

మా తాతయ్య ఇరిగేషన్ డిపార్టుమెంటులో లస్కరు. ధవళేశ్వరం లాకుల దగ్గర పని చేసి రిటైరయ్యాడు. నేను పుట్టేసరికే పోయాడు. అంటే ఆయన నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. చూడని మనిషి నిలబడ్డ తీరు నా ఒంట్లోకి ఎలా వచ్చింది? ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలైంది.

*

ముందు ట్రైనర్ గారి లెక్క సంగతి తేల్చుకోవాలి. శిక్షణ మొదటి రోజే తెరమీద ఒక స్లయిడ్ వేశారు. ఎదుటివాడికి మనం చేరవేసేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతు వాటా 38, మిగతా 55 శరీరానిది. అంటే 93 శాతం మాట కానిదే. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ లెక్కను కనీసం నాలుగు చోట్ల విన్నాను. ఒకసారి ఇంజనీరింగ్ కాలేజీలో కూడా విన్నట్టు గుర్తు.

ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి 1967లో ప్రచురించిన రెండు చిన్న అధ్యయనాల్లోంచి వచ్చాయి. ఒకదాంట్లో విడివిడి మాటలను రకరకాల గొంతులతో వినిపించారు. రెండోదాంట్లో ఒకే ఒక్క మాటను వినిపిస్తూ, ముఖాల ఫొటోలు చూపించారు. ఈ మాట అన్న మనిషికి ఎదుటివాడంటే ఇష్టమా, అయిష్టమా అని అడిగారు. మాట ఒకటి చెప్తూ, గొంతూ ముఖమూ ఇంకోటి చెప్తుంటే మనం దేన్ని నమ్ముతామన్నదే అక్కడ ప్రశ్న. ఇష్టాయిష్టాల సంగతి దాటితే ఈ లెక్క వర్తించదని తర్వాత మెహ్రాబియనే చెప్పాడు. పైగా అందులో ఉన్నది ముఖం ఒక్కటే. భుజాల ప్రస్తావన గానీ, చేతులెక్కడ పెట్టుకోవాలన్న ప్రస్తావన గానీ లేనే లేదు. 93 శాతం నిజమే అయితే నేనీ వ్యాసం రాయనక్కర్లేదు, మీ ఎదురుగా వచ్చి కాసేపు నిలబడితే సరిపోతుంది.

అలాగని ట్రైనర్ చూసింది అబద్ధం కాదు. చేతులు కట్టుకున్న మాట నిజం, తలూపిన మాట నిజం. కాకపోతే ఆ లెక్క ప్రకారం శరీరమంటే ఒక సెట్టింగ్స్ పేజీ. భుజాలు వెనక్కి, గడ్డం పైకి, సేవ్ నొక్కితే అయిపోయింది. నా చేతులు ఎక్కడ ఉండాలో ఆయన చెప్పారు. అవి అక్కడికి ఎలా వచ్చాయో ఆ లెక్కలో లేదు.

*

ఆ సంగతి మన భాషకి కొంత తెలుసు. తెలుగులో మనిషి గుణం చెప్పాలన్నా, హోదా చెప్పాలన్నా సగం సార్లు ఒంటి మీద వేలు పెట్టే చెప్తాం. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తల వంచాడు. నడుం వంచాడు. చెయ్యి చాచాడు. ముఖం చాటేశాడు. పెదవి విరిచాడు. కళ్ళెర్రజేశాడు. మీసం మెలేశాడు. తొడ కొట్టాడు. కాలు మీద కాలేసుక్కూర్చున్నాడు. ఊళ్ళో అమ్మలక్కలు ముక్కున వేలేసుకుంటారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు మనకి సామెతలోనే ఉన్నాడు. నోరు దాచినదాన్ని ఒళ్ళు బయటపెట్టేస్తుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ మనస్తత్వశాస్త్ర పుస్తకంలోనూ దొరకలేదు.

ఈ మాటలన్నీ వరసగా రాసుకుని చూస్తే ఒకటి అర్థమవుతుంది. వీటిల్లో చాలావరకు ఎవరు చేస్తారు, ఎవరి ముందు చేస్తారు అన్నది ముందే తేలిపోయి ఉంది. చేతులు కట్టుకుని నిలబడేది జమీందారు కాదు. కాలు మీద కాలేసుక్కూర్చున్నాడని ఫిర్యాదు చేసేది పాలేరు కాదు. ఆ భంగిమల్ని ఎవరికి వాళ్ళు ఇష్టపడి ఎంచుకోలేదు. పుట్టిన చోటును బట్టి పంచి ఇచ్చారు.

మా తాతయ్య వాటాకి వచ్చినవి ఏమిటో తెలియాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

*

ధవళేశ్వరం అంటే అందరికీ ఆనకట్ట గుర్తొస్తుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. నది మధ్యలో ఉన్న లంకల్ని ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టిన గోడ అది. వేలమంది కూలీలు పని చేశారు. వాళ్ళని కూడగట్టి పని నడిపించడంలో కాటన్‌కి కుడిభుజంగా ఉన్న వీణెం వీరన్న పేరు మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. కూలీల పేర్లు చెప్పుకునేవాళ్ళు లేరు.

ఇప్పుడు బ్యారేజీ దగ్గరికి వెళితే కాటన్ గుర్రమ్మీద కనిపిస్తాడు. డెల్టాలో ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. ఆ గౌరవం ఊరికే రాలేదు. కరువులూ వరదలూ చూసిన నేలకి కాలవ నీళ్ళు వచ్చాయి, జనం అది మర్చిపోలేదు. నేను చెప్పేది ఆయన గొప్పదనం గురించి కాదు, గుర్రం గురించి. గుర్రమ్మీద కూర్చున్న మనిషిని చూడాలంటే కిందనున్నవాడు తలెత్తాలి. ఆయన కిందికి చూడాలి. ఆ ఎత్తు తేడా విగ్రహం చెక్కినవాడి కల్పన కాదు. కాటన్ మద్రాసు సైన్యపు ఇంజనీరు. ఆనకట్టలూ కాలవలూ చూసే శాఖ అలాంటి సైనిక ఇంజనీర్ల చేతుల్లో పెరిగింది. లస్కరు అన్న మాట కూడా అక్కడిదే. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. అది ఓడల్లో పనిచేసేవాళ్ళకి పేరై, చివరికి మా కాలవగట్ల మీద తలుపులెత్తేవాళ్ళకి పేరైంది.

మా ఇంట్లో ఒక గ్రూప్ ఫొటో ఉంది. ఎవరో ఇంజనీరు గారికి బదిలీ అయినప్పుడు తీసింది. ముందు వరసలో కుర్చీల్లో ఆఫీసర్లు, మెడలో దండలతో. వాళ్ళ వెనక గుమాస్తాలు. అందరికన్నా వెనక, ఎడమ చివర, మా తాతయ్య. ట్రైనర్ గారి జవాబు వచ్చాక ఆ ఫొటోని మొదటిసారి ఒక చారిత్రక పత్రాన్ని చూసినట్టు చూశాను. తాతయ్య కాళ్ళు కనిపిస్తున్నాయి. మడమలు రెండూ దగ్గరికి చేర్చి సిపాయిలా నిలబడ్డాడు. అది డిపార్టుమెంటు నేర్పింది. నడుం పైనుంచి మాత్రం వేరే మనిషి. చేతులు పొట్ట దగ్గర కట్టుకుని ఉన్నాయి, తల కాస్త ముందుకు వాలి ఉంది. తువ్వాలు భుజమ్మీద లేదు, నడుముకి చుట్టి ఉంది. అది ఊరు నేర్పింది. పెద్దవాళ్ళు ఎదురొస్తే తువ్వాలు భుజమ్మీంచి దిగాలి, తలగుడ్డ విప్పాలి, చెప్పులుంటే చేతిలోకి రావాలి. ఈ చట్టం ఏ పుస్తకంలోనూ రాసి లేకపోయినా, మర్చిపోయినవాడికి శిక్ష మాత్రం ఉండేది. కుంపిణీ సైన్యమూ, మన పల్లె మర్యాదా కలిసి ఒక్క మనిషి ఒంటిని పంచుకున్నాయి.

*

తన ఒంటిని తాను చూసుకోవాలంటే మనిషికి అద్దం కావాలి. ఊరికి కూడా అంతే. మా ప్రాంతంలో అలాంటి అద్దాలు ఎప్పుడెప్పుడు వచ్చాయో వెతికితే, మొదటిది మా ఊరి బడి పంతులి వల్లే వచ్చినట్టు కనిపిస్తుంది.

కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఇంగ్లీషు పాఠశాలకి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. 1874లో ఇక్కడ ఉండగానే వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు, ఇక్కడే బాలికల పాఠశాల తెరిచారు. చదువు సంగతి అందరూ రాస్తారు. నాకు నడక సంగతి కూడా ముఖ్యమనిపిస్తుంది. పలక పట్టుకుని వీధిలోంచి బడికి నడిచి వెళ్ళే ఆడపిల్ల ఆ రోజుల్లో నోరు విప్పకుండానే ఊరందరికీ ఒక మాట చెప్తున్నట్టు లెక్క. ఆయన తర్వాత రాజమండ్రి వెళ్ళి, 1880లో తన విద్యార్థుల చేత వ్యవహార ధర్మబోధిని నాటకం ఆడించారు. కోర్టు వ్యవహారాల్లో వకీళ్ళు చేసే మోసాల మీద ఎక్కుపెట్టిన నాటకం అది. అందులో వేషం కట్టిన కుర్రాళ్ళకి పద్యం రాగం తీసే అవసరం కన్నా, వకీలు ఎలా కూర్చుంటాడు, కక్షిదారు ఎలా నిలబడతాడు అన్నది గమనించాల్సిన అవసరం ఎక్కువగా ఉండి ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో అసలు వకీళ్ళూ, అసలు కక్షిదార్లూ ఉండే ఉంటారు. రోజూ చేసే పనినే ఇంకొకడు వేదిక మీద చేసి చూపిస్తే, అది చెయ్యకుండా కూడా ఉండొచ్చన్న ఆలోచన మొదటిసారి వస్తుంది.

రెండో అద్దం తెర. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూగ సినిమాలు ఆడేటప్పుడు, తెర పక్కన నిలబడి కథా సంభాషణలూ చదివి వినిపించే ఉద్యోగం ఒకటి ఉండేది. ఆ పని చేసినవాళ్ళలో వినుకొండ నుంచి వచ్చిన ఒక ఇరవయ్యేళ్ళ కుర్రాడున్నాడు. పేరు గుర్రం జాషువా. ఈ సంగతి మొదట చదివినప్పుడు చాలాసేపు అక్కడే ఆగిపోయాను. ఏ కులంలో పుట్టాడన్న ఒక్క కారణంతో తన నీడని కూడా ఊరు లెక్కపెట్టిన మనిషి, రాత్రిపూట చీకట్లో నిలబడి, తెరమీద కదిలే శరీరాలకి మాటలిచ్చాడు. ఆ చేతులు ఎందుకు లేచాయో, ఆ తల ఎందుకు వాలిందో జనానికి చెప్పాడు. తర్వాత ఆయన రాసిన కావ్యాల్లో అవమానం ఎప్పుడూ నైరూప్యంగా ఉండదు, ఒక చూపుగానో, వాకిట్లో ఆగిపోయిన అడుగుగానో ఉంటుంది. దానికీ ఆ ఉద్యోగానికీ సంబంధం ఉందని నిరూపించలేను. అనుకోకుండా ఉండనూ లేను.

సినిమా ఒంటికి పాఠాలు చెప్తుందన్న సంగతి తర్వాత ఒక ఫ్రెంచి పండితుడు కూడా కనిపెట్టాడు. మార్సెల్ మాస్ 1934లో చేసిన ప్రసంగంలో ఈ అనుభవం చెప్తాడు. న్యూయార్కులో జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్కడి నర్సుల నడక ఎక్కడో చూసినట్టనిపించింది. ఆలోచిస్తే సినిమాలో. ఫ్రాన్సుకి తిరిగి వెళితే పారిస్ అమ్మాయిలు కూడా అలాగే నడుస్తున్నారు. నడక, ఈత, కూర్చోవడం, నిద్రపోవడం, ఇవన్నీ సహజమనుకుంటాం గానీ సమాజం దగ్గర నేర్చుకున్నవేనని ఆయన వాదన. మనకి దీనికోసం పారిస్ దాకా వెళ్ళక్కర్లేదు. మీ ఇంట్లో పాత పెళ్ళి ఫొటోలు తీసి చూడండి. ప్రతి పెళ్ళికొడుకు మెడ వంపులోనూ ఆ ఏడాది హీరో ఎవరో తెలిసిపోతుంది.

*

మూడో అద్దానికి పేరే అద్దం. అది మాత్రం మా గోదావరి ఒడ్డున తయారవలేదు, సముద్రాలు దాటి వెళ్ళిన ఒక తెలుగువాడి చేతుల మీదుగా వచ్చింది. నాట్యంలో శరీరం ఏం చెప్తుందో సూత్రాలుగా రాసిన నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఆనంద కుమారస్వామి ఇంగ్లీషులోకి తెచ్చిన సంగతి కళల గురించి చదివేవాళ్ళకి తెలుసు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆ పుస్తకం మీద ఇంకో పేరు కూడా ఉంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టి, ఎడింబరోలో చదువుకున్నవాడు. మనం ఆంధ్రరత్న అని పిలుచుకునే ఆయనే.

ఈ గ్రంథంలో శరీరానికి లెక్కలున్నాయి. తలకి 9 కదలికలు, చూపుకి 8, మెడకి 4. ఒంటి చేతి ముద్రలు 28, రెండు చేతులూ కలిపి పట్టేవి 23. ఇంజనీరు బుర్రకి ఇలాంటివి చూస్తే ప్రాణం లేచొస్తుంది. ట్రైనర్ లెక్కకీ దీనికీ తేడా ఎక్కడంటే, ఇక్కడ ఒక భంగిమకి ఒకే అర్థం లేదు. వేళ్ళన్నీ చాచి దగ్గరికి చేర్చి, బొటనవేలు మడిస్తే పతాక హస్తం. అది మేఘం, అడవి, రాత్రి, నది. వద్దని వారించడం కూడా అదే. చెయ్యి ఒకటే, ఎక్కడ, ఎవరి కోసం, దేని తర్వాత పట్టారన్నదాన్ని బట్టి అర్థం.

చదువుతూ చదువుతూ అంజలి దగ్గర ఆగాను. రెండు చేతులూ జోడిస్తే అంజలి, అది తెలిసిందే. దేవతకి పెట్టేటప్పుడు చేతులు తలమీద ఉండాలి. గురువుకైతే ముఖం దగ్గర. విప్రుడికైతే గుండె దగ్గర. గౌరవానికి ఎత్తులు కొలిచి పెట్టారు. నాలుగు వర్ణాలకీ నాలుగు హస్తాలు వేరేగా ఉన్నాయి. భార్యాభర్తలకీ, తల్లికీ తండ్రికీ, అత్తకీ మామకీ కూడా ఉన్నాయి. నాట్యశాస్త్రం సమాజాన్ని ఉన్నదున్నట్టు చూసి రాసుకుంది, అందుకు దాన్ని తప్పుపట్టను. కాకపోతే పుస్తకం మూసేశాక ఒక సందేహం మిగిలిపోయింది. చేతులు ఎంత ఎత్తులో జోడించాలో ఆ హస్తం దగ్గర చెప్పారు గానీ, దండం అందుకున్నవాడు ఎలా ఉండాలో అక్కడ చెప్పలేదు. అందుకునేవాడికి బాడీ లాంగ్వేజ్ ఉండదా?

గోపాలకృష్ణయ్య పుస్తకంతో ఆగిపోలేదు. చీరాల, పేరాల ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో ఆయన మాట మీద వేలమంది ఇళ్ళకి తాళాలేసి బయటికి వచ్చి రామనగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. పదకొండు నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. ఆయన తయారుచేసిన రామదండు వాలంటీర్లు వరసల్లో నిలబడి, క్రమశిక్షణతో కవాతు చేసేవాళ్ళు. చేతివేళ్ళ ముద్రల గురించి రాసినవాడే నాలుగేళ్ళు తిరక్కుండా ఊరు ఊరంతటి చేతా ఒక ముద్ర పట్టించాడు. పన్ను కట్టం అని నోటితో చెప్పడం వేరు. ఇల్లు వదిలి వెళ్ళి ఎదురుగా కూర్చోవడం వేరు.

*

మళ్ళీ మా చుట్టుపక్కలకి వస్తాను. ధవళేశ్వరానికి కూతవేటు దూరంలో కడియం. ఇవాళ నర్సరీలకి పేరు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో అక్కడే పుట్టారు. శతావధాని, రాజాస్థానాల్లో సన్మానాలందుకున్న పండితుడు, సంప్రదాయ బ్రాహ్మణుడు. ఒక సన్మాన సభలో ఆయన జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. తనకన్నా పాతికేళ్ళు చిన్నవాడైన కవి కాలిని తన చేతులతో పట్టుకున్నారు.

కవి కాలికి గండపెండేరం తొడగడం పాత సంప్రదాయమే. పెద్దనకి రాయలు స్వయంగా తొడిగాడని చాటుకథ. అయినా ఆ సభలో ఉన్నవాళ్ళు చూసింది నగని కాదనుకుంటాను. అభినయదర్పణం అంజలికి చెప్పిన మూడు చోట్లు తల, ముఖం, గుండె. విప్రుడి చేతులు ఆ మూడింటినీ దాటి, అంటరానివాడని ఊరు నిర్ణయించిన మనిషి పాదం దాకా దిగాయి. చెళ్ళపిళ్ళ నడుం వంచారు. మా తాతయ్య కూడా నడుం వంచాడు. ఫొటో తీస్తే రెండు వంపులూ ఒకలాగే కనిపిస్తాయి. ఒకాయన వంగకపోయినా అడిగేవాళ్ళు లేరు, ఇంకొకాయన వంగకపోతే ఉద్యోగం ఉండదు. ఆత్మవిశ్వాసం గురించి నాకు పంపిన నాలుగు పాయింట్లలో ఈ తేడాకి చోటు లేదు.

అలాంటి ఒక్క సభతో లోకం మారిపోలేదు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పైకులం వ్యక్తికి తగిలిందన్నది గొడవకి మొదలు. అది ఊరంతా పాకి, వెలి దాకా వెళ్ళి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యతో ముగిసింది. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలన్నది మన జిల్లాల్లో సాఫ్ట్ స్కిల్ కాదు. అప్పటికి నేను పుట్టి ఏడాది. మా తాతయ్య తరం తువ్వాలు ఎందుకు అంత జాగ్రత్తగా దించుకునేవాళ్ళో, వాళ్ళ భయం దేని గురించో ఆ ఊరి పేరు విన్నప్పుడల్లా కొత్తగా అర్థమవుతుంది.

*

ఇవన్నీ చదువుకుని ఒకరోజు అమ్మని అడిగాను. తాతయ్య ఎప్పుడూ అలాగే నిలబడేవాడా?

“ఎందుకుంటాడూ! లాకుల దగ్గర చూడాలి మా నాన్నని,” అంది అమ్మ.

కాలవలు తవ్వించినప్పుడు కాటన్ వాటిని సాగుకి ఎంతో, పడవలకీ అంతే ఆలోచించాడు. ధాన్యం, కలప, కొబ్బరి, మనుషులు అన్నీ పడవల మీదే తిరిగిన కాలం చాలా ఉంది. ఎగువ నీళ్ళకీ దిగువ నీళ్ళకీ మట్టం తేడా ఉన్నచోట లాకు కడతారు. రెండు పక్కలా తలుపులు, మధ్యలో గది. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, నీళ్ళు కొద్దికొద్దిగా వదిలి, మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తీయాలి. తొందరపడి తీస్తే పడవ తిరగబడుతుంది. ఎప్పుడు తీయాలన్నది గట్టు మీదున్న లస్కరు చేతిలో ఉంటుంది. నీళ్ళ హోరులో కేక వినపడదు కాబట్టి చేత్తోనే చెప్పాలి.

అమ్మ చిన్నప్పుడు క్యారేజీ పట్టుకెళ్ళేదిట. “పడవలు వరసగా ఆగుండేవి. అందులో కంట్రాక్టర్ల పడవలుండేవి, ఎవరెవరివో ఉండేవి. మా నాన్న గట్టు మీద ఇలా చెయ్యెత్తి నిలబడేవాడు. నీళ్ళు సర్దుకునేదాకా ఎవడెంత అరిచినా చెయ్యి దించేవాడు కాదు,” అని లేచి నిలబడి చూపించింది. చెయ్యి ముందుకి చాచి, అరచెయ్యి ఎదుటికి, వేళ్ళన్నీ దగ్గరగా. భుజాలు వెనక్కి వెళ్ళాయి. డెబ్బై దగ్గరపడ్డ మా అమ్మ ఆ క్షణంలో వేరే మనిషిలా ఉంది.

వారించడం, నది, రెండూ ఒకే చేతిలో. తాతయ్యకి అభినయదర్పణం పేరు తెలిసే అవకాశం లేదు.

ఆ ఫొటోలో ఉన్నదే తాతయ్య అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది ఏఈ గారు కుర్చీలో కూర్చున్నప్పటి తాతయ్య. లాకుల దగ్గర చెయ్యెత్తి నిలబడ్డప్పుడు ఎవరూ ఫొటో తీయలేదు. నాకు వంపు ఒక్కటే వారసత్వంగా రాలేదన్నమాట, రెండోది కూడా ఎక్కడో ఉండే ఉంటుంది.

రికార్డింగ్ గురించి ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఆ శిక్షణ అయిన కొన్నాళ్ళకి మా టీమ్ మీటింగ్ వీడియో ఒకటి వేరే పని మీద మళ్ళీ చూడాల్సొచ్చింది. అమలాపురం వైపు నుంచి కొత్తగా చేరిన ఒక కుర్రాడు అందులో తన కోడ్ వివరిస్తున్నాడు. నేను ఏదో అడుగుతున్నాను. ప్రశ్న పూర్తి కాకముందే “ఆయ్ సార్” అంటూ తలూపుతున్నాడు. భుజాలు ముందుకి వచ్చేశాయి. చేతులు కెమెరాలో కనిపించడం లేదు గానీ ఎక్కడున్నాయో నాకు తెలుసు. పక్క చతురస్రంలో నేను. కుర్చీలో వెనక్కి వాలి, తల వెనక చేతులు పెట్టుకుని, ఇంకో స్క్రీన్ వైపు చూస్తున్నాను. అతను మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా అతని ముఖం వైపు చూడలేదు.

గ్రూప్ ఫొటోలో ముందు వరసలో కూర్చున్న ఏఈ గారు కూడా సరిగ్గా అలాగే, వెనకున్నవాళ్ళు కనిపించని విధంగా, కెమెరా వైపు చూస్తున్నారు. మంచివాడేనని అమ్మ చెప్తుంది, పండక్కి పిల్లలకి బట్టలు కొనిచ్చేవాడట. మా తాతయ్య ఎలా నిలబడ్డాడో ఆయన ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూశాడా అంటే, అందులో ఆయన మెడ తిరిగి లేదు.

తర్వాతి మీటింగులో ఆ కుర్రాడు మాట్లాడుతుంటే రెండో స్క్రీన్ కట్టేసి, చేతులు బల్లమీద పెట్టుకుని అతని వైపు చూస్తూ విన్నాను. అతనిలో పెద్ద మార్పేం రాలేదు. తలూపడం మానలేదు. చివర్లో మాత్రం, నేనడిగిన ఒకదానికి, “లేదు సార్, అలా చేస్తే తప్పొస్తుంది,” అన్నాడు. అంటూ చెయ్యి కొంచెం పైకి లేపాడు, అరచెయ్యి నా వైపు.